పాత సినిమా ఎవరిది?

“బ్లాక్ అండ్ వైట్ సినిమాకి ఇంకా కాపీరైటేమిటండీ, ఎప్పుడో అయిపోయుంటుంది!” అనే మాట గత రెండేళ్ళలో పదిమంది నోటయినా విని ఉంటాను. అన్నవాళ్ళందరూ చదువుకున్నవాళ్ళే. చాలామంది నాలాగే కంప్యూటర్లని నమ్ముకుని బతుకుతున్నవాళ్ళు. “యూట్యూబులో సినిమా మొత్తం ఉంది, లక్షలమంది చూశారు, ఎవరూ తీయించలేదు కదా” అన్నది వాళ్ళ రెండో సాక్ష్యం. “డాలరుకి డీవీడీ అమ్ముతున్నారు” అన్నది మూడోది. అమెరికా చట్టం ముందు ఈ మూడూ సాక్ష్యాలు కావు. మరి ఏది సాక్ష్యం? ఒక పాత అమెరికన్ సినిమా ఇంకా ఎవరి సొత్తయినా అవునో, లేక ఊరుమ్మడి అయిపోయిందో తేల్చుకోవడం ఎలా? నేను లాయర్ని కాను. కాని పాత రికార్డులు తిరగేయడం, లెక్క తేలేదాకా వదలకపోవడం నా ఉద్యోగంలో రోజూ ఉండే పనే కాబట్టి దీన్ని నెత్తికెత్తుకున్నాను.

ఎత్తుకోవడానికి కారణం మా ఊరి తెలుగు సంఘం. ఆర్నెల్ల వీసా మీద వచ్చే అమ్మానాన్నల కోసం నెలకో శనివారం కమ్యూనిటీ హాల్లో సినిమా వేస్తారు. మా స్నేహితుడి నాన్నగారు, రిటైరయిన ఇంగ్లీషు లెక్చరరు, ఓ రోజు కమిటీవాళ్ళతో అన్నారు: “మాయాబజార్ నూటొకటోసారి చూడ్డానికి నాకేం అభ్యంతరం లేదు బాబూ. కాని ఇంతదూరం వచ్చి వీళ్ళ సినిమా ఒక్కటి సరిగ్గా చూసింది లేదు. పాఠాలు చెప్పినవాణ్ణి నాకే ఈ యాస అందడం లేదు, మీ పిన్నిగారి సంగతి చెప్పాలా? కింద తెలుగులో మాటలు వేస్తే అందరం చూస్తాం.” ఆలోచన అందరికీ నచ్చింది. మాటలు తెలుగులో రాయడానికి అయిదుగురు ముందుకొచ్చారు. ఎనిమిది సినిమాల జాబితా తయారయింది. అప్పుడు సంఘం కోశాధికారి ఒక్క ప్రశ్న వేశాడు: “దావా వస్తే ఎవరి మీద వస్తుంది?”

మంచి ప్రశ్న. టికెట్టు పెట్టకపోయినా సరే, ఇంట్లోవాళ్ళు, దగ్గరి స్నేహితులు కాక పదిమంది చేరే చోట సినిమా వేస్తే అది బహిరంగ ప్రదర్శనే. దాని హక్కు సొంతదారుది. మాటల్ని తెలుగులోకి మార్చడం అనువాదం. ఆ హక్కూ సొంతదారుదే. కాదని చేస్తే, నష్టం ఎంతో నిరూపించాల్సిన పని కూడా లేకుండా, ఒక్కో కృతికి 750 డాలర్ల నుంచి 30,000 డాలర్ల దాకా కోర్టు వేయొచ్చు. తెలిసి చేశారని తేలితే 1,50,000 దాకా. ‘మాకు తెలియదండీ’ అంటే మొత్తం తగ్గొచ్చుగాని తప్పు పోదు. ఎనిమిది సినిమాలు గుణించుకోండి. మా సంఘం ఉగాదికి, దీపావళికి కలిపి పెట్టే ఖర్చు దాని ముందు ఏ మూలకీ రాదు.

ఇక లెక్క. దీనికి ఆయువుపట్టు 1909 నాటి చట్టం. దాని ప్రకారం కాపీరైటు మొదట 28 ఏళ్ళు. ఇరవయ్యెనిమిదో ఏట సొంతదారు వాషింగ్టన్‌లోని కాపీరైటు ఆఫీసుకి కాగితం పెట్టి, రుసుము కట్టి, రెన్యూ చేయించుకోవాలి. చేయించుకుంటే ఇంకో 28 ఏళ్ళు. చేయించుకోకపోతే అంతే. వస్తువు ఊరుమ్మడి, దాన్నే వీళ్ళు పబ్లిక్ డొమైన్ అంటారు. ఆ రెండో విడతని తర్వాత చట్టాలు పెంచుకుంటూ పోయాయి. 1978 నుంచి అమల్లోకొచ్చిన చట్టం మొత్తం గడువుని 75 ఏళ్ళు చేసింది. 1998లో సోనీ బోనో పేరుతో వచ్చిన చట్టం ఇంకో ఇరవై కలిపి 95 చేసింది. ఆ దెబ్బకి గడువు తీరి ఉమ్మడిలోకి వచ్చేవి ఇరవై ఏళ్ళపాటు ఆగిపోయాయి. 1922 నాటివి 1998లో బయటికొస్తే, 1923 నాటివి రావడానికి 2019 జనవరి 1 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పటినుంచి ఏటా జనవరి ఒకటిన ఒక్కో ఏడాది సరుకు వస్తోంది. మిక్కీ మౌస్ మొదటి సినిమాల్లో పేరుమోసిన ‘స్టీమ్‌బోట్ విల్లీ’ 1928ది, అందుకని 2024లో వచ్చింది. 1930 నాటి సినిమాలకి ఆ రోజు 2026 జనవరి 1. చాప్లిన్ ‘సిటీ లైట్స్’ 1931లో వచ్చింది కాబట్టి దానికి 2027 జనవరి 1.

అంటే విడుదలైన సంవత్సరానికి 95 కలిపి, ఆ ఏడాది చివరిరోజు దాటితే ఏ రికార్డూ చూడకుండానే సినిమా మనది. ఇక్కడిదాకా మూడో క్లాసు కూడికే. ఇటు 1964 నుంచి 1977 మధ్యవాటికి 1992లో చేసిన సవరణతో రెన్యూవల్ దానంతటదే అయిపోతుంది, ఎవరూ కాగితం పెట్టక్కర్లేదు. అసలు సందిగ్ధమంతా మధ్యలో ఉంది. 1931 నుంచి 1963 దాకా, అంటే హాలీవుడ్డుకి స్వర్ణయుగం అని చెప్పుకునే ముప్పై చిల్లర ఏళ్ళూ సరిగ్గా ఈ గల్లంతులో పడ్డాయి. వాటిలో ఏ సినిమా రెన్యూ అయిందో, ఏది కాలేదో ఒక్కొక్కటిగా చూడవలసిందే. కాపీరైటు ఆఫీసే 1960లో వేసిన ఒక అధ్యయనం ప్రకారం, పుస్తకాల్లో నూటికి ఏ ఏడో రెన్యూ అవుతుంటే సినిమాల్లో డెబ్బైకి పైనే అయ్యేవట. కాబట్టి ‘పాతది కనక ఊరుమ్మడి’ అని పందెం కాస్తే ఓడిపోయే అవకాశమే ఎక్కువ.

మనవాళ్ళకి ఇదంతా అరటిపండు ఒలిచి పెట్టినట్టు అర్థం కావాలంటే ఈసీ అనే ఒక్క మాట చాలు. గుంటూరులోనో, ఘట్‌కేసర్‌లోనో స్థలం కొనేముందు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ముప్పై ఏళ్ళకి ఈసీ తీయిస్తాం కదా. ఎవరు ఎవరికి అమ్మారు, తాకట్టు ఉందా, లింకు డాక్యుమెంట్లు కలుస్తున్నాయా అని చూస్తాం. పక్కింటాయన “ఆ స్థలానికి ఎవరూ లేరండీ, మేము ఎప్పటినుంచో గేదెల్ని కట్టేస్తున్నాం” అన్నాడని కొనేస్తామా? యూట్యూబులో ఉన్న సినిమా ఆ గేదెల్ని కట్టేసిన స్థలం లాంటిదే.

సినిమాకి ఈసీ దొరికే చోటు, కాపీరైటు ఆఫీసు అచ్చేసిన కాపీరైటు ఎంట్రీల కేటలాగు. సినిమాలకి విడిగా లావుపాటి సంపుటాలున్నాయి: 1912 నుంచి 39 దాకా ఒకటి, తర్వాత 40లకి, 50లకి, 60లకి తలా ఒకటి. రెన్యూవల్ జాబితాలు కూడా ఇలాగే అచ్చయ్యాయి. ఇవన్నీ స్కాన్ చేసి ఇంటర్నెట్ ఆర్కైవులో పెట్టారు, ఎవరైనా చూడొచ్చు. 1978 నుంచి నమోదైనవి కాపీరైటు ఆఫీసు ఆన్‌లైన్ రికార్డుల్లోనే ఉన్నాయి. అంచేత 1951, ఆ తర్వాతి సినిమాల రెన్యూవల్ కోసం కంప్యూటర్లో వెతికితే చాలు. అంతకుముందు వాటికి పుస్తకం తిరగేయాలి. అప్పట్లో గడువు తేదీతో సహా లెక్క. ఉదాహరణకి 1940 మే 5న నమోదైన సినిమాకి 1967 మే 5 నుంచి 1968 మే 5 లోపల రెన్యూ జరగాలి. ఒక్కరోజు ఆలస్యమైనా చెల్లదు. కాబట్టి రెండేళ్ళ జాబితాలూ చూడాలి. కథాచిత్రాల నమోదు నంబరు ముందు ‘ఎల్‌పీ’ అని, పాత రెన్యూవల్ నంబరు ముందు ‘ఆర్’ అని, 1978 తర్వాతివాటికి ‘ఆర్‌ఈ’ అని ఉంటుంది. రెన్యూ చేయించింది ఎవరో కూడా పొట్టి అక్షరాల్లో రాస్తారు. ‘ఏ’ అంటే రచయితే స్వయంగా, ‘డబ్ల్యూ’ అంటే ఆయన భార్య, ‘సీ’ అంటే పిల్లలు, ‘ఈ’ అంటే వీలునామా అమలుచేసేవాళ్ళు. స్టూడియో సినిమాలకి ఎక్కువగా కనిపించేది ‘పీడబ్ల్యూహెచ్’. జీతమిచ్చి చేయించుకున్న యజమాని అని దానర్థం. ఆ పేజీలు చదువుతుంటే ఒక్కో అక్షరం వెనకా ఒక కుటుంబం కనబడుతుంది. ఇది పనికి అడ్డం అనుకోండి.

వెతకడంలో మెలికలున్నాయి. స్కాన్ చేసిన పేజీని కంప్యూటరు చదివి అక్షరాలుగా మార్చేటప్పుడు తప్పులు చేస్తుంది. ఇంగ్లీషు ‘ఆర్’, ‘ఎన్’ పక్కపక్కనుంటే ‘ఎమ్’ అనుకోవడం దానికి మామూలు. సెర్చి పెట్టెలో పేరు కొట్టి ‘ఫలితాలు లేవు’ అని వస్తే, రెన్యూవల్ లేదని అర్థం కాదు. దొరకలేదని అర్థం. మన డేటాబేసుల్లో నల్ వేరు, సున్నా వేరు అని కొత్తగా చేరిన పిల్లలకి చెబుతుంటాం కదా, అదే పాఠం. అక్షరక్రమంలో ఆ పేరు ఉండాల్సిన పేజీ తెరిచి, దాని ముందు పేరూ వెనక పేరూ కళ్ళతో చూసి, మధ్యలో మనం వెతికేది లేదని నిర్ధారించుకోవాలి. లేనిదాన్ని నిరూపించడం ఇలాగే.

కంపెనీ పేరు పట్టుకుని వెళితే ఇంకో గోతిలో పడతాం. ఎమ్‌జీఎమ్ సినిమాలు దాని మాతృసంస్థ లోయెస్ పేరు మీద నమోదయ్యేవి. వార్నర్ బ్రదర్స్ 1950కి ముందరి తమ సినిమాలని 1956లో టెలివిజన్‌కి సినిమాలు సరఫరా చేసే ఒక కంపెనీకి అమ్మేసింది. రెండేళ్ళకి అవి యునైటెడ్ ఆర్టిస్ట్స్ చేతికి వెళ్ళాయి. అందుకని ఆ కాలపు వార్నర్ సినిమాలని ఇరవయ్యెనిమిదో ఏట రెన్యూ చేయించినది వార్నర్ కాదు, యునైటెడ్ ఆర్టిస్ట్స్ వాళ్ళు. పారమౌంట్ కూడా 1929 నుంచి 49 దాకా తీసినవాటిలో ఏడువందల దాకా 1958లో ఎమ్‌సీఏకి అమ్మింది. మా జాబితాలో ‘కాసాబ్లాంకా’ ఉంది. ఎవరైనా వార్నర్ పేరుతో మాత్రం వెతికి, కనబడలేదని సంబరపడితే కొంప మునిగేది. అది శుభ్రంగా రెన్యూ అయిన సినిమా. కొట్టేశాను.

రెన్యూవల్ ఒక్కటే కాదు, సినిమా మీద కాపీరైటు ప్రకటన కూడా సరిగ్గా ఉండాలి. 1978 దాకా ఈ విషయంలో చట్టం చాలా నిర్దయగా ఉండేది. ‘కాపీరైటు’ అన్న మాటో, దాని పొట్టి రూపమో, వృత్తంలో ‘సి’ అక్షరమో, ఏడాది, సొంతదారు పేరు తెరమీద ఉండాలి. లేకపోతే విడుదలైన రోజే ఊరుమ్మడి. 1963లో యూనివర్సల్ విడుదల చేసిన ‘షరాడ్’లో ఏడాది ఉంది, కంపెనీల పేర్లున్నాయి, సర్వహక్కులూ మావే అని కూడా ఉంది. ఆ ఒక్క ‘కాపీరైటు’ మాట లేదు! కేరీ గ్రాంట్, ఆడ్రీ హెప్‌బర్న్‌లతో తీసిన పెద్ద సినిమా అలా పోయింది. 1968 నాటి ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ కథ అందరికీ తెలిసిందే. పంపిణీదారు సినిమా పేరు మార్చినప్పుడు పాత పేరుతోపాటు కాపీరైటు ప్రకటన కూడా తెరమీదనుంచి ఎగిరిపోయింది. (ఇది మా పెద్దవాళ్ళకి చూపించాలని నేను అనుకోలేదు. శవాలు లేచొచ్చి మనుషుల్ని తినే సినిమా వేస్తే మా అమ్మ మర్నాడే టికెట్టు మార్పించమంటుంది.)

అన్నిటికన్నా నాకు నచ్చింది ఎమ్‌జీఎమ్ వారి ‘ది లాస్ట్ టైమ్ ఐ సా పారిస్’. ఎలిజబెత్ టేలర్ నటించిన ఈ సినిమా 1954లో వచ్చింది. రోమన్ అంకెల్లో ఏడాది వేసేటప్పుడు యాభైని సూచించే ‘ఎల్’ ముందు ఎవరో ఒక ‘ఎక్స్’ ఎక్కువ పెట్టారు. యాభై కాస్తా నలభై అయింది. తెరమీద పడింది 1944. ప్రకటనలో ఏడాది వెనక్కి వేస్తే గడువు ఆ ఏడాదినుంచే లెక్క. అంటే 1972కే రెన్యూ చేయించుకోవాలి. చేయించుకోలేదు. ఒక్క అక్షరం తప్పుతో ప్రోగ్రాములు కూలడం నేను చాలా చూశాను గాని ఒక స్టూడియో సినిమానే ఊరుమ్మడి కావడం ఇంకెక్కడా చూడలేదు.

ఇంతవరకూ చదివినవాళ్ళు, సినిమా పేరు జాబితాలో లేకపోతే పని అయిపోయిందనుకోవచ్చు. అసలు తిరకాసు ఇక్కడే మొదలవుతుంది. ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’ సంగతి చూడండి. ఫ్రాంక్ కాప్రా 1946లో తీశాడు, జేమ్స్ స్టూవర్టు హీరో. విడుదలైనప్పుడు డబ్బులు రాలేదు. హక్కులు చేతులు మారి మారి నేషనల్ టెలిఫిల్మ్ అసోసియేట్స్ అనే కంపెనీకి చేరాయి. 1974లో వాళ్ళు రెన్యూ చేయించలేదు. రుసుము లేకుండా దొరికింది కదా అని దేశంలోని టీవీ స్టేషన్లన్నీ డిసెంబరు వచ్చిందంటే పగలూ రాత్రీ ఈ సినిమానే వేశాయి. అలా వేసి వేసి, ఆడని సినిమాని అమెరికా క్రిస్మస్ పండగలో ఒక భాగం చేసేశాయి. మన సంక్రాంతికి గొబ్బెమ్మలెలాగో వీళ్ళ డిసెంబరుకి ఈ సినిమా అలాగ. ఇది ఊరుమ్మడి సినిమాకి అతి గొప్ప ఉదాహరణగా చెప్పుకునేవారు, 1993 దాకా.

1993లో ఏమయిందో చెప్పాలంటే ఇంకో సినిమా కథ చెప్పాలి. కార్నెల్ వూల్రిచ్ అనే రచయిత 1942లో ఒక పత్రికలో ‘ఇట్ హ్యాడ్ టు బి మర్డర్’ అనే కథ రాశాడు. 1945లో దాని సినిమా హక్కులు అమ్మాడు. ఇరవయ్యెనిమిదో ఏట రెన్యూ చేయించి ఆ హక్కు కూడా మీకే ఇస్తానని మాటిచ్చాడు. దాన్నే హిచ్‌కాక్ 1954లో ‘రియర్ విండో’గా తీశాడు. కాని వూల్రిచ్ 1968లో, రెన్యూవల్ వేళ రాకముందే పోయాడు. ఆయన ఆస్తికి నిర్వాహకులుగా ఉన్న బ్యాంకు 1969లో కథని రెన్యూ చేయించి, షెల్డన్ ఎబెండ్ అనే లిటరరీ ఏజెంటుకి 650 డాలర్లకి, రాబడిలో పదోవంతు వాటాకి అమ్మేసింది. చచ్చిపోయినవాడి మాట కొత్త గడువుకి చెల్లదు, కాబట్టి కథ హక్కు నాది, నా అనుమతి లేకుండా సినిమా వేయకూడదని ఎబెండ్ కోర్టుకెక్కాడు. వ్యాజ్యం పైకెళ్ళి 1990లో సుప్రీం కోర్టు ఆయన పక్షానే తీర్పిచ్చింది. దాని పేరు స్టూవర్టు వర్సెస్ ఎబెండ్. ఆ స్టూవర్టు మన జేమ్స్ స్టూవర్టే, సినిమాలో ఆయనకీ వాటా ఉంది.

సారాంశమేమిటంటే, సినిమా హక్కు వేరు, దాని కింద ఉన్న కథ హక్కు వేరు. కథ బతికుండగా సినిమాని స్వేచ్ఛగా వాడుకోలేం. నిజానికి 1979లోనే ఒక అప్పీలు కోర్టు బెర్నార్డ్ షా నాటకం మీద తీసిన ‘పిగ్మేలియన్’ విషయంలో ఇలాగే చెప్పింది. ఎబెండ్ తీర్పు తర్వాత, నేషనల్ టెలిఫిల్మ్ వాళ్ళే పేరు మార్చుకుని రిపబ్లిక్ పిక్చర్స్ అయి ఉన్నారు, పాత కాగితాలు బయటికి తీశారు. ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’కి ఆధారం ఫిలిప్ వాన్ డోరెన్ స్టెర్న్ రాసిన ‘ది గ్రేటెస్ట్ గిఫ్ట్’ అనే చిన్న కథ. అది రెన్యూ అయి ఉంది, హక్కు వాళ్ళ దగ్గరే ఉంది. సినిమాలో డిమిట్రీ టియోమ్కిన్ సంగీతం హక్కులు కూడా సంపాదించారు. 1993లో టీవీ స్టేషన్లన్నిటికీ, ఇక మా అనుమతి లేకుండా వేయొద్దని చెప్పేశారు. మరుసటేడాది ఎన్‌బీసీకి ఒక్కదానికే ఇచ్చారు. సినిమా తాలూకు కాపీరైటు ఈనాటికీ బతికి రాలేదు. అయినా సినిమా ఊరుమ్మడి కాదు. మన భాషలో చెప్పాలంటే ఇల్లు ఊరందరిది, కింద స్థలం ఒకరిది, లోపలి ఫర్నిచరు మరొకరిది. తలుపు తెరిచే ఉంది గాని లోపల కాలు పెట్టడానికి చోటు లేదు.

నాకిది మా వృత్తి మాటల్లో వేరే విధంగా కనబడుతుంది. ఒక సాఫ్ట్‌వేరు ఉచితమని తీసుకుంటాం. కాని అది లోపల ఆధారపడే లైబ్రరీలు ఎవరివి, వాటి లైసెన్సులేమిటి అని చూడకుండా క్లయంటుకి ఇస్తే ఏమవుతుందో నాలాంటివాళ్ళకి చెప్పక్కర్లేదు. అందుకే సినిమాకి ఒక గడి చాలదు. సినిమా, ఆధారమైన కథ లేక నాటకం, సంగీతం, మనం వాడబోయే ప్రింటు అని నాలుగు గడులు గీసి, నాలుగింటికీ విడివిడిగా గడువు రాసుకున్నాను.

ఆ పట్టికలో అందంగా తేలినది ‘హిజ్ గర్ల్ ఫ్రైడే’. 1940లో కొలంబియా తీసింది. 1967, 68 జాబితాల్లో రెన్యూవల్ లేదు. సినిమా గడి ఖాళీ. కాని ఇది బెన్ హెక్ట్, చార్లెస్ మెకార్థర్ రాసిన ‘ది ఫ్రంట్ పేజ్’ నాటకానికి సినిమా రూపం. నాటకం 1928ది, రెన్యూ అయి ఉంది. సినిమాలో పరుగులు తీసే మాటల్లో చాలా వాటికి మూలం ఆ నాటకమే. మేం తెలుగులో రాయబోయేవి ఆ మాటలే. కాబట్టి 2023 డిసెంబరు 31న మేం వేసి ఉంటే నాటకం హక్కుదారులు నిలదీయొచ్చు, మర్నాడు వేస్తే ఎవరూ అడగలేరు. 1928కి 95 కలపండి. ఒక్క అర్ధరాత్రి తేడా! మొదటి సినిమాగా దీన్నే పైకి తెచ్చాను. తెలుగు చేస్తున్నవాళ్ళు మాత్రం నన్ను తిట్టుకుంటున్నారు. నటులు ఒకరిమీద ఒకరు పడి మాట్లాడుతుంటే కింద రెండు వరసల్లో ఎక్కడ ఇమిడించాలంటారు. నిజమే, మన భాషలో మాటలు పొడుగు.

‘షరాడ్’కి సినిమా గడి ఖాళీయే గాని సంగీతం హెన్రీ మాన్సినీది. పాట అచ్చయింది, దాని నమోదు వేరే. సినిమా మీద ప్రకటన మర్చిపోతే పాట పోదు. దీన్ని పక్కన పెట్టాను.

మూకీలకి మాటల బాధ లేదు, తెలుగు చేయాల్సిందీ తక్కువే. బస్టర్ కీటన్ ‘ది జనరల్’, చాప్లిన్ ‘ది గోల్డ్ రష్’ రెండూ వయసు తీరి ఉమ్మడిలోకి వచ్చేశాయి. కాని ఇక్కడ నాలుగో గడి, ప్రింటు, కాలు పట్టి లాగుతుంది. ‘గోల్డ్ రష్’ 1925ది. 1942లో చాప్లినే దాన్ని కత్తిరించి, తన గొంతుతో వ్యాఖ్యానం, సంగీతం చేర్చి మళ్ళీ విడుదల చేశాడు. అది వేరే కృతి, దానిలో కొత్తగా చేర్చినదానికి గడువు వేరు. బజార్లో దొరికే డిస్కులో రెండింట్లో ఏదుందో అట్ట చూస్తే తెలియకపోవచ్చు. అలాగే మూకీలకి ఈమధ్య కొత్తగా వాయించి కలిపిన సంగీతం కొత్త సొత్తే. బొమ్మ మీది గీతలు తుడిచినంతమాత్రాన కొత్త హక్కు పుట్టదు గాని, రంగులు వేస్తే పుట్టొచ్చని కాపీరైటు ఆఫీసు 1987లోనే ఒప్పుకుంది. డీవీడీ అట్ట మీద 2004 అని ఉన్న కాపీరైటు గుర్తు అట్ట మీది బొమ్మకో, లోపలి కొత్త సంగీతానికో ఉంటుంది తప్ప 1926 సినిమాకి కాదు. ఆ గుర్తు చూసి భయపడనూ అక్కర్లేదు, లేదని ధైర్యపడనూ కూడదు. మేము ‘ది జనరల్’ని సంగీతం లేని ప్రింటుతో తీసుకున్నాం. మాలో ఒకాయన వయొలిన్ వాయిస్తాడు. రైలు సీన్లకి ఆయన మోహన రాగం ఎత్తుకుంటానంటున్నాడు. ఆ హక్కు గురించి నేనేమీ వెతకలేదు.

మా ఎనిమిదిలో ‘ది థర్డ్ మ్యాన్’ కూడా ఉంది. అమెరికన్ సినిమా అనుకుని రాశారుగాని 1949 నాటి బ్రిటిష్ సినిమా అది. ఒకప్పుడు రెన్యూ కాక ఇక్కడ ఊరుమ్మడిగా తిరిగింది. డాలరు డీవీడీల గంపలో ఉండేది. కాని ప్రపంచ వాణిజ్య ఒప్పందంలో భాగంగా అమెరికా 1996 జనవరి 1న విదేశీ కృతులకి ప్రాణం పోసింది. సొంత దేశంలో అప్పటికి కాపీరైటు బతికే ఉంటే, ఇక్కడ రెన్యూ చేయించకపోయినా, ప్రకటన వేయకపోయినా 95 ఏళ్ళూ తిరిగి వచ్చేస్తాయి. ఊరుమ్మడిలోకి వచ్చినదాన్ని వెనక్కి లాక్కోవడం న్యాయమా అని సంగీత కండక్టర్లు కొందరు సుప్రీం కోర్టు దాకా వెళ్ళి 2012లో ఓడిపోయారు. కాబట్టి ‘థర్డ్ మ్యాన్’ 2044 చివరిదాకా మనది కాదు.

ఈ చట్టం గురించి చదువుతుండగానే నాకు మన సినిమాలు గుర్తొచ్చాయి. మనమూ విదేశీయులమే కదా! ‘గుండమ్మ కథ’ తీసుకోండి, మా హాల్లో ఏటా ఒకసారి పడేదే. 1962లో విజయా వారిది. భారతదేశంలో సినిమాకి కాపీరైటు విడుదల తర్వాత 60 ఏళ్ళు. అంటే 2022తో సినిమా గడి ఖాళీ. పాటలది వేరే లెక్క, రాసినవారు పోయాక 60 ఏళ్ళు. పింగళి నాగేంద్రరావు గారు 1971లో పోయారు కాబట్టి మాటల గడువు 2031 దాకా, ఘంటసాల 1974లో పోయారు కాబట్టి బాణీల గడువు 2034 దాకా. కథకి 1958 నాటి కన్నడ సినిమా ‘మనె తుంబిద హెణ్ణు’ ఒక ఆధారం, దాని లెక్క మళ్ళీ విడిగా చూడాలి. ఇది అక్కడి సంగతి. అమెరికాలో మాత్రం 1962కి 95 కలపాలి. అక్కడ గడువు తీరిందన్నది ఇక్కడ చెల్లదు. ఎన్టీఆర్ పిండి రుబ్బే సినిమా తెనాలిలో ఊరుమ్మడి అయినా, న్యూజెర్సీలో 2057 డిసెంబరు 31 దాకా ఒకరి సొత్తే.

కోశాధికారికి పట్టిక ఇచ్చాను. ‘హిజ్ గర్ల్ ఫ్రైడే’, ‘ది జనరల్’, 1925 నాటి ‘గోల్డ్ రష్’ పక్కన టిక్కు పెట్టి, చూసిన కేటలాగు పేజీలన్నీ అచ్చుతీసి జతచేశాను. ఆయన చివరి వరస దాకా చదివి, “అయితే ఇన్నాళ్ళూ వేసిన తెలుగు సినిమాల మాటేమిటి?” అన్నాడు. వాటిలో ఏది ఎవరిదో, అనుమతి అడుగుతూ ఉత్తరం ఎవరికి రాయాలో ఇప్పుడు వెతుకుతున్నాను. ‘గుండమ్మ కథ’తోనే మొదలుపెట్టాను.